తప్పును తప్పుగానే చదివే డ్రైవ్

1982 అక్టోబర్ 1న సోనీ సంస్థ జపాన్‌లో సీడీపీ-101 అనే ప్లేయర్‌ను అమ్మకానికి పెట్టింది. కాంపాక్ట్ డిస్క్ మామూలు జనం ఇళ్లలోకి రావడం దానితోనే మొదలు. గ్రామఫోన్ రికార్డు మీద గీత పడితే చుట్టుచుట్టుకీ టక్కుమని తెలిసిపోయేది. సీడీ మీద చిన్నాచితకా గీతలు పడినా పాట ఆగేది కాదు. ఆ ఘనత డిస్కుదేనని అందరూ అనుకున్నారు. నిజానికి ఏ తప్పూ లేని డిస్కు ఫ్యాక్టరీ నుంచి కూడా రాదు. ఆ తప్పుల్ని మన దాకా రానివ్వని పనితనం డ్రైవ్‌ది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నట్టు, లోపల వేల దిద్దుబాట్లు చేసైనా పాటను సాగనివ్వడమే దానికి నేర్పిన విద్య.

ఇప్పుడు అలాంటి డ్రైవ్‌నే ముందు పెట్టుకుని, ఏదీ దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పమని పట్టుబడుతున్నవాళ్లున్నారు. పాత వీడియో గేమ్ డిస్కులకు పదికాలాలు నిలిచే నకళ్లు తీసేవాళ్లు వీళ్లు. డిస్కును కంప్యూటర్లో పెట్టి ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదా అనిపిస్తుంది. ఎందుకు చాలదో తెలియాలంటే ఈ యంత్రం చదువుసంధ్యలు మొదటి నుంచీ చూడాలి.

సీడీ మీద సమాచారం అతిచిన్న గుంటల వరుసగా ఉంటుంది. ఆ వరుస లోపలి నుంచి బయటికి ఒకే చుట్టగా తిరుగుతూ పోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. కంటికి ఆనని 780 నానోమీటర్ల పరారుణ లేజర్‌తో డ్రైవ్ ఆ గుంటల్ని తడిమి చూస్తుంది. ఇంత సన్నటి రాతలో చిన్న గీత పడినా వందల గుంటలు పోతాయి. ఈ జబ్బుకు మందు 1960లోనే గణితంలో దొరికింది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికన్లు, అసలు అంకెలకు కొన్ని అదనపు అంకెలు జోడిస్తే, వాటిలో కొన్ని పోయినా మిగిలినవాటిని బట్టి పోయినవేవో లెక్కగట్టవచ్చని చూపించారు. సీడీ ప్రమాణాన్ని రూపొందించిన ఫిలిప్స్, సోనీ ఇంజనీర్లు దీనికి ఇంకో ఉపాయం కలిపారు. పక్కపక్కన ఉండాల్సిన బైట్లను దూరదూరంగా చెదరగొట్టి రాయించారు. గీత ఒకచోట పడినా నష్టం చాలా చోట్లకు కొద్దికొద్దిగా చేరుతుంది, లెక్కకు లొంగుతుంది. చుట్ట పొడవునా దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర పోయినా మొత్తం తిరిగి రాబట్టవచ్చు. అంతకు మించి పోతే డ్రైవ్ ఊహిస్తుంది. ముందరి ధ్వనినీ తర్వాతి ధ్వనినీ చూసి మధ్యలోదాన్ని సర్దేస్తుంది. చెవి దాన్ని పట్టుకోలేదు.

పాటకు ఊహ సరిపోతుంది, ప్రోగ్రామ్‌కు సరిపోదు. ఒక్క బిట్ తారుమారైనా గేమ్ నడిమధ్యలో ఆగిపోవచ్చు. అందుకే కంప్యూటర్ సమాచారం కోసం సీడీ-రోమ్ వచ్చినప్పుడు దానికి మరో కాపలా పొర వేశారు. పాటల సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 4 బైట్లు. ఆ సెకనును 75 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 2,352 బైట్లు. దాని పేరే సెక్టర్.

ప్లేస్టేషన్ డిస్కు నుంచి అలాంటి సెక్టర్ ఒకటి తీసి చూద్దాం. మొదటి 12 బైట్లు ప్రతి సెక్టర్లోనూ ఒకటే: ఒక సున్నా, పది 255లు, మళ్లీ సున్నా. సెక్టర్ ఇక్కడ మొదలైందని చెప్పే గుర్తు అది. తర్వాతి 3 బైట్లలో చిరునామా, నిమిషం-సెకను-ముక్క లెక్కలో. ఒక బైట్ సెక్టర్ రకాన్ని చెబుతుంది, ఇంకో 8 బైట్లు ఉపరకాన్ని. ఆపైన 2,048 బైట్ల అసలు సరుకు. చివర్న తప్పు ఉందో లేదో తేల్చే 4 బైట్లు, ఉంటే దిద్దడానికి 276 బైట్లు. సినిమా దృశ్యాలు, పొడవాటి సంగీతం ఉన్న సెక్టర్లలో మాత్రం ఆ 276 బైట్ల కాపలా ఎత్తేసి, ఆ చోటును కూడా సరుకుతోనే నింపారు. అప్పుడు ఒక్కో సెక్టర్లో 2,324 బైట్లు పడతాయి.

ఈ రెండో రకం సెక్టర్ తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. వీడియో సీడీలో సినిమా ఉండేది అందులోనే. అద్దెకు తెచ్చుకున్న వీసీడీలో సరిగ్గా క్లైమాక్స్ దగ్గరే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి బిగుసుకుపోయేది ఇందుకే. అదే డ్రైవ్‌లో, అంతే గీతలున్న సాఫ్ట్‌వేర్ సీడీ శుభ్రంగా చదవబడేది. సినిమాకు లేని ఒక పొర దానికి ఉంది మరి.

మామూలుగా తీసే ఐఎస్ఓ నకలు ప్రతి సెక్టర్ నుంచీ 2,048 బైట్లు మాత్రమే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ప్లేస్టేషన్ డిస్కులో రెండు రకాల సెక్టర్లూ కలగలిసి ఉంటాయి కాబట్టి, ఆ నకల్లో రెండో రకం సెక్టర్లు తోక తెగి వస్తాయి. సంగీతమూ దృశ్యాలూ పాడవుతాయి. అందుకే భద్రపరిచే నకలు 2,352 బైట్లూ తీసుకోవాలి.

గేమ్ కన్సోల్‌కు సీడీ మొదట వచ్చింది 1988లో, ఎన్ఈసీ కంపెనీ పీసీ ఇంజిన్‌కు తగిలించుకునే డ్రైవ్ రూపంలో. 1994 చివర్లో కొద్ది రోజుల తేడాతో సెగా శాటర్న్, సోనీ ప్లేస్టేషన్ జపాన్‌లో విడుదలయ్యాయి. చిప్పులున్న క్యాట్రిడ్జ్ ఖరీదైనది, పట్టేదీ తక్కువ. సీడీ చవక, పైగా 650 మెగాబైట్లు పడుతుంది. చాలా గేముల్లో మొదటి ట్రాక్ ప్రోగ్రామ్, మిగిలినవన్నీ పాటల ట్రాకులే. ప్లేస్టేషన్‌తో పాటే వచ్చిన రిడ్జ్ రేసర్ మొత్తంగా మెమరీలోకి ఎక్కేస్తుంది. ఆ తర్వాత గేమ్ డిస్కు తీసేసి మనకిష్టమైన పాటల సీడీ పెట్టుకుంటే, కారు పందెం ఆ పాటలతోనే సాగుతుంది.

చవకైనదాన్ని కాపీ కొట్టడమూ చవకే. దాంతో తాళాలు మొదలయ్యాయి. ప్లేస్టేషన్ డిస్కులో ఆరంభానికి ముందుండే భాగంలో చుట్ట తిన్నగా పోకుండా సన్నగా అటూఇటూ ఊగుతుంది. ఆ ఊపులో నాలుగు అక్షరాలుంటాయి: జపాన్ డిస్కుకు ఎస్‌సీఈఐ, అమెరికాకు ఎస్‌సీఈఏ, యూరప్‌కు ఎస్‌సీఈఈ. ఇంట్లో రాసుకున్న సీడీలో వాటిని పుట్టించడం ఎవరి తరమూ కాదు. అవి కనబడకపోతే కన్సోల్ డిస్కును ఒప్పుకోదు. డిస్కు నల్లగా ఉండటమే రహస్యమని చాలామంది నమ్మారు గానీ, పరారుణ లేజర్‌కు ఆ నలుపు అడ్డే కాదు.

యూరప్ గేముల్లో కొన్నింటికి లిబ్‌క్రిప్ట్ అనే రెండో తాళం కూడా పడింది. ఈ కథకు అసలు మలుపు అదే. సీడీలో ప్రతి సెక్టర్‌తో పాటు 96 బైట్ల ఉపఛానళ్లు నడుస్తాయి. వాటిలో క్యూ అనేది ట్రాక్ నంబరు, సమయం చెబుతుంది, తన లెక్క తానే సరిచూసుకునే అంకె కూడా మోస్తుంది. లిబ్‌క్రిప్ట్ ఉన్న డిస్కులో కొన్ని నిర్ణీత సెక్టర్ల దగ్గర క్యూ లెక్క కావాలనే తప్పుగా ఉంటుంది. తప్పు ఎక్కడెక్కడ ఉందో చూసి గేమ్ ఒక 16 బిట్ల సంఖ్యను కూర్చుకుంటుంది. ఆ సంఖ్య సరిగ్గా లేకపోతే గేమ్ సరిగ్గా ఆడదు. మామూలు కాపీ ప్రోగ్రామ్ క్యూను అసలు తీసుకోదు. సీడీ రాసే డ్రైవ్ దాన్ని కొత్తగా, లెక్క పొల్లుపోకుండా తయారుచేస్తుంది. అంత నిక్కచ్చిగా తయారైన నకలే పనికిరాకుండా పోతుంది. దాచాల్సిన సమాచారం ఆ తప్పులోనే ఉంది. ఏది తప్పో ఏది ఉద్దేశమో డ్రైవ్‌కు తెలియదు, దానికి ఆ తీర్పు అప్పగించకూడదు.

మరి దిద్దడం మానుకునే డ్రైవ్ ఎక్కడ దొరుకుతుంది? ఆశ్చర్యంగా, పాత సీడీ రైటర్లలో దొరికింది. జపాన్‌కు చెందిన ప్లెక్స్‌టర్ డ్రైవ్‌లకు డీ8 అనే సొంత ఆదేశం ఒకటుంది. పాటల ట్రాకుల్ని చదవడానికి పెట్టిన ఆ ఆదేశంతో ప్రోగ్రామ్ సెక్టర్లను అడిగినా అవి ఎదురు చెప్పవు. పాట అనుకుని, పై పొర దిద్దుబాటు చేయకుండా, పచ్చి రూపంలో ఇచ్చేస్తాయి. ఆ రూపం చూడటానికి గందరగోళంగా ఉంటుంది. ఒకే అంకె వరుసగా వస్తే లేజర్ దారి తప్పుతుందని, ఫ్యాక్టరీలోనే సమాచారాన్ని ఒక స్థిరమైన వరుసతో కలగలిపి రాస్తారు. మామూలుగా ఆ చిక్కును డ్రైవే విప్పుతుంది. ఇక్కడ కంప్యూటర్లోని ప్రోగ్రామ్ విప్పుతుంది. ఏ సెక్టర్లో ఏ లోపం ఉన్నా ప్రోగ్రామ్‌కు కనిపిస్తుంది. ఫ్యాక్టరీ అచ్చులోనే ఉన్న లోపాన్ని అలాగే ఉంచుతుంది. గీత వల్ల వచ్చినదైతే మళ్లీ మళ్లీ చదివిస్తుంది.

ఇంకో పీటముడి, జరుగుబాటు. పాటల ట్రాకును దాదాపు ఏ డ్రైవ్ కూడా సరిగ్గా అడిగిన చోటి నుంచి ఇవ్వదు. ఒక్కో మోడల్ ఇన్ని నమూనాలు అటో ఇటో జరిగి ఇస్తుంది. ప్లెక్స్‌టర్ డ్రైవ్‌లు చాలావాటికి ఆ తేడా 30 నమూనాలు. డిస్కు తయారైన చోట పడిన జరుగుబాటు దీనికి అదనం. సెక్టర్‌కు 588 నమూనాలు కాబట్టి చెవికి ఇది లెక్కలోకి రాదు. కానీ ట్రాకు మొదలూ చివరా మారిపోతాయి, ఒకే డిస్కు రెండు డ్రైవ్‌లలో రెండు వేర్వేరు నకళ్లుగా తేలుతుంది. గేమ్ డిస్కులో దీనికి చక్కని విరుగుడు ఉంది. ప్రోగ్రామ్ సెక్టర్ తలలో ఉన్న ఆ 12 బైట్ల గుర్తు ఎక్కడ పడిందో చూస్తే, మొత్తం ఎంత జరిగిందో ఖచ్చితంగా తెలుస్తుంది. పాటల్ని కూడా ఆ లెక్కన వెనక్కి జరిపి కోస్తారు. జరిపినప్పుడు డిస్కు చివరి అంచు దాటి కొన్ని నమూనాలు చదవాల్సి రావచ్చు. చాలా డ్రైవ్‌లు అక్కడికి పోనే పోవు. ప్లెక్స్‌టర్ పోతుంది.

నకలు తీశాక అది సరైనదని ఎలా తేల్చాలి? ఫైల్ మొత్తాన్ని నమిలి చిన్న సంఖ్యగా మార్చే సీఆర్‌సీ-32, ఎండీ5, షా-1 లెక్కలు కడతారు. రీడంప్ అనే పట్టికలో ఈ సంఖ్యల్ని నమోదు చేస్తారు. అందులో గేములు ఉండవు, గేముల వేలిముద్రలే ఉంటాయి. అదే గేమ్ డిస్కు ఇంకొకటి విడిగా చదివినప్పుడు సంఖ్యలు బైట్ తేడా లేకుండా కలిస్తేనే ఆ నమోదు ఖరారవుతుంది. రెండు డిస్కుల మీద గీతలు ఒకేచోట ఒకేలా పడవు కనుక ఈ పరీక్ష గట్టిది. సంఖ్యలు కలవకపోయినా రెండూ సరైనవే అయ్యే వీలుంది. కంపెనీ లోపాలు సరిచేసి అదే గేమ్‌ను అదే అట్టతో మళ్లీ అచ్చు వేసి ఉండొచ్చు. అందుకే డిస్కు మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే వలయంలోని సన్నటి అక్షరాల్ని, ఐఎఫ్‌పీఐతో మొదలయ్యే ఫ్యాక్టరీ గుర్తుల్ని, దీపం వాలుగా పట్టి చదివి రాసుకుంటారు.

అన్ని కన్సోళ్లూ ప్లెక్స్‌టర్‌కు లొంగలేదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ డిస్కులో లోపలి భాగం మామూలు సీడీ, బయటి భాగం మరింత ఇరుకుగా రాసిన జీడీ-రోమ్. మామూలు డ్రైవ్ లోపలి విషయసూచిక చూసి డిస్కు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. కాబట్టి డ్రీమ్‌కాస్ట్‌నే చదివే యంత్రంగా మార్చుకున్నారు, లేదా డ్రైవ్‌కు వేరే పెద్ద డిస్కు సూచిక చూపించి, మధ్యలో డిస్కు మార్చి బోల్తా కొట్టించారు. 2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ 8 సెంటీమీటర్ల డిస్కుల్ని దాని తర్వాతి తరం కన్సోల్ వీ చదివి పెడుతుంది. ఎక్స్‌బాక్స్ డిస్కులకు ఫర్మ్‌వేర్ మార్చిన డీవీడీ డ్రైవ్‌లు కావాలి.

ఈ శ్రమ దేనికంటే, కొనుక్కుందామన్నా ఆ గేములు దుకాణంలో లేవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. మరోవైపు పరిశోధకులు గ్రంథాలయాల దగ్గరున్న గేముల్ని దూరం నుంచి ఆడి చూసే వెసులుబాటును అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024లో నిరాకరించింది. డిస్కులూ శాశ్వతం కాదు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో 1988, 1993 మధ్య అచ్చయిన పాటల సీడీలు చాలా కంచు రంగుకు తిరిగి చెడిపోయాయి.

అయినా జాగ్రత్తగా ఉంచిన డిస్కు కన్నా డ్రైవే ముందు పోయేలా ఉంది. లేజర్ బలహీనపడుతుంది, మోటారు అరుగుతుంది, ట్రే కదిపే రబ్బరు సాగుతుంది. అందరూ వెతికే ప్లెక్స్‌టర్ పీఎక్స్-760ఏ రకం ఇప్పుడు తయారీలో లేదు, పాత సామాన్ల మార్కెట్లోనే దొరకాలి. అందుకే కొత్త ప్రోగ్రామ్‌లు మీడియాటెక్ చిప్పులున్న బ్లూ-రే డ్రైవ్‌ల వైపు తిరిగాయి. వాటి తాత్కాలిక మెమరీలో దిద్దుబాటుకు ముందున్న పచ్చి సమాచారాన్ని తోడుకోవచ్చని తేలింది. లేజర్‌డిస్క్‌ల విషయంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. డొమ్స్‌డే డూప్లికేటర్ అనే పరికరం లేజర్ తల నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్నే సెకనుకు 4 కోట్ల సార్లు కొలిచి దాచుకుంటుంది. దాని అర్థం చెప్పే పని మొత్తం సాఫ్ట్‌వేర్‌దే.

ఇంట్లో పాత కంప్యూటర్ తుక్కుకు వేసేముందు డ్రైవ్ మీది చీటీ ఒకసారి చదవండి. ఏ లెక్కా సరిచేయకుండా డిస్కును చదివి చెప్పగలిగే మోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. వాటిలో ఏ ఒక్కటైనా మూలపడి ఉంటే, దాని కోసం వెతుకుతున్నవాళ్లు ఉన్నారు.