సబ్మిట్ నొక్కాక ఏ పేజీ?

వెబ్ ఫ్రేమ్‌వర్కుల గురించిన పుస్తకం ఏది తీసినా పేజీ నావిగేషన్‌కి ఒక అధ్యాయం, ఫారం వాలిడేషన్‌కి ఇంకో అధ్యాయం ఉంటాయి. ఇంటర్వ్యూల్లోనూ అంతే, రెండూ వేరు వేరు ప్రశ్నలు. ఏ పేజీ తరువాత ఏ పేజీ రావాలో చూసేది మొదటిది. యూజర్ టైపు చేసింది సరిగా ఉందా లేదా అని చూసేది రెండోది. కానీ ప్రాజెక్టు లైవ్‌లోకి వెళ్ళాక అర్ధరాత్రి ఫోను మోగించే బగ్గులు చాలావరకు ఈ రెండూ కలిసే చోటే పుడతాయి. ఈ వ్యాసంలో ఆ చోటు గురించే మాట్లాడుకుందాం. ఉదాహరణలు ఎక్కువగా స్ట్రట్స్, జెఎస్ఎఫ్‌ల నుంచి తీసుకుంటున్నాను. విదేశాలకొచ్చిన మనవాళ్ళలో ఒక తరం అన్నం తిన్నది వీటి మీదే. పైగా ఈ సమస్యలు వాటిలో కనిపించినంత స్పష్టంగా కొత్తవాటిలో కనిపించవు. కొత్తవాటిలో లేవని కాదు, లోపలికి వెళ్ళి దాక్కున్నాయి.

స్ట్రట్స్‌ని క్రెయిగ్ మెక్‌క్లానహన్ 2000లో మొదలుపెట్టారు. 2001లో 1.0 వెర్షన్ వచ్చింది. అంతకుముందు జెఎస్పీ పేజీల్లో ఒక పేజీ పేరు ఇంకో పేజీలో నేరుగా రాసేవాళ్ళు. ఫైలు పేరు మారిస్తే ఎక్కడెక్కడ రాశామో వెతుక్కోవాలి. స్ట్రట్స్ ఈ వ్యవహారమంతా ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లోకి తెచ్చింది. మన యాక్షన్ క్లాసు 'సక్సెస్' అనే పేరు చెబుతుంది, ఆ పేరుకి ఏ పేజీయో ఎక్స్ఎమ్ఎల్ ఫైలు చెబుతుంది. ఇది నావిగేషన్. వాలిడేషన్‌ది ఇంకో దారి. ఫారంలో టైపు చేసిన విలువలు యాక్షన్‌ఫారం అనే ఆబ్జెక్టులోకి చేరతాయి, దాని వాలిడేట్ మెథడ్ నడుస్తుంది. తప్పులేమైనా ఉంటే మన యాక్షన్ దాకా రానివ్వకుండా, అదే ఎక్స్ఎమ్ఎల్‌లో 'ఇన్‌పుట్' అని రాసిన పేజీకి యూజర్‌ని వెనక్కి పంపేస్తుంది.

అంటే వాలిడేషన్ ఫెయిలవడం కూడా ఒక నావిగేషనే. కాకపోతే మన కోడ్‌ని అడగకుండా జరిగేది. దీని ఫలితం చాలామంది చూసే ఉంటారు. అడ్రస్ పేజీలో రాష్ట్రాల జాబితా ఉంటుంది. పేజీ మొదటిసారి తెరిచినప్పుడు ఒక యాక్షన్ ఆ జాబితాని డేటాబేసులోంచి తెచ్చి రిక్వెస్ట్‌లో పెడుతుంది. యూజర్ ఏదో తప్పు టైపు చేసి సబ్మిట్ నొక్కుతాడు. 'ఇన్‌పుట్' దగ్గర జెఎస్పీ పేరు రాసి ఉంది కాబట్టి ఆ యాక్షన్ ఈసారి నడవదు. ఎర్రక్షరాల్లో తప్పు సందేశం కనిపిస్తుంది, దాని కింద రాష్ట్రాల జాబితా మాత్రం ఖాళీ! టెస్టింగ్‌లో అందరూ అన్నీ సరిగ్గా నింపి చూస్తారు కాబట్టి ఇది దొరకదు. జెఎస్పీ పేరు బదులు జాబితా తెచ్చే యాక్షన్ పేరు రాస్తే సరిపోతుంది. ఒక్క లైను మార్పే, కానీ వాలిడేషన్ ఫెయిలైతే ఎక్కడికి వెళ్తామన్న ప్రశ్న ఎవరైనా వేసుకుంటేనే ఆ లైను గుర్తొస్తుంది.

ఇంతకంటే పెద్ద కథ క్యాన్సిల్ బటన్‌ది. ఫారం నింపకుండా వెనక్కి పోదామనుకున్నవాణ్ణి 'ముందు ఫోన్ నంబరు ఇవ్వు' అని అడ్డుకోకూడదు కదా. అందుకని స్ట్రట్స్ 1లో ఒక ప్రత్యేకమైన క్యాన్సిల్ బటన్ ఇచ్చారు. దాన్ని నొక్కితే రిక్వెస్ట్‌తో పాటు ఒక నిర్ణీతమైన పేరుతో పారామీటర్ వెళ్తుంది. అది కనిపిస్తే ఫ్రేమ్‌వర్క్ వాలిడేషన్ మొత్తం వదిలేసి నేరుగా యాక్షన్‌ని పిలుస్తుంది. తిరకాసు ఏమిటంటే, ఆ పారామీటర్‌ని ఎవరైనా పంపవచ్చు. పేజీలో క్యాన్సిల్ బటన్ లేకపోయినా సరే. యాక్షన్ రాసినవాడు 'ఇది క్యాన్సిలా?' అని అడగకపోతే, తనిఖీ జరగని డేటా నేరుగా లోపలికొచ్చి సేవ్ అయిపోతుంది. ఇది 2006లో భద్రతాలోపంగా నమోదైంది. 1.2.9 వెర్షన్‌లో సరిచేశారు. అప్పటినుంచి ఏ యాక్షన్‌ని క్యాన్సిల్ చేయవచ్చో ఎక్స్ఎమ్ఎల్‌లో విడిగా రాయాలి. నావిగేషన్ సౌకర్యం కోసం తీసిన చిన్న తలుపులోంచి వాలిడేషన్ గోడ మొత్తం దాటేయవచ్చని ఆరేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

జెఎస్ఎఫ్ 1.0 మార్చి 2004లో వచ్చింది. దాని స్పెసిఫికేషన్‌కి నాయకత్వం వహించినవారిలో కూడా మెక్‌క్లానహన్ ఉన్నారు. ఇందులో ప్రతి రిక్వెస్ట్ ఆరు దశల్లో నడుస్తుంది. పాత పేజీ కాంపొనెంట్లని తిరిగి నిలబెట్టడం, టైపు చేసిన విలువల్ని వాటికి అందించడం, తనిఖీ, సరైన విలువల్ని మన బీన్‌లోకి ఎక్కించడం, యాక్షన్ మెథడ్ పిలవడం, చివరికి పేజీ గీయడం. మూడో దశలో తనిఖీ తప్పితే మధ్యలోవన్నీ వదిలేసి నేరుగా ఆరో దశకి దూకి అదే పేజీ చూపిస్తుంది. పద్ధతి చక్కగా ఉంది. ఏ పేజీకి వెళ్ళాలో తేలేది ఐదో దశలో కాబట్టి, తనిఖీ దాటకుండా ఎవరూ కదలలేరు.

కదలలేరంటే వెనక్కి కూడా కదలలేరు! అందుకని మళ్ళీ ఒక చిన్న తలుపు. బటన్‌కి 'ఇమ్మీడియేట్' అనే గుణం పెడితే దాని యాక్షన్ రెండో దశలోనే నడుస్తుంది, తనిఖీ జరగదు. స్ట్రట్స్‌లో లాగా చెడు డేటా లోపలికి రాదు, ఎందుకంటే నాలుగో దశ కూడా జరగదు. కానీ దానికి మూల్యం ఉంది. ఐదు పేజీల బీమా దరఖాస్తులో మూడో పేజీ సగం నింపి, రెండో పేజీలో ఏం రాశామో చూద్దామని 'బ్యాక్' నొక్కినవాడు తిరిగొచ్చేసరికి ఆ సగమూ పోతుంది. బీన్‌లోకి ఎక్కనే లేదుగా. క్యాన్సిల్‌కి సరైన ఈ మందు బ్యాక్‌కి సరైనది కాదు. క్యాన్సిల్ అంటే 'ఇది వద్దు', బ్యాక్ అంటే 'ఇది ఉంచు, మళ్ళీ వస్తా'. వెనక్కి పోయేవాడి డేటాని తనిఖీ చేయకపోయినా దాచిపెట్టాలి, ముందుకు పోయేటప్పుడే నిలదీయాలి. చాలా ప్రాజెక్టుల్లో రెండు బటన్లకీ ఒకే గుణం తగిలించి వదిలేస్తారు.

ఇక్కడ ఎంటర్ కీ గురించి ఒక మాట. ఫారంలో ఏదో ఒక పెట్టెలో ఎంటర్ కొడితే, హెచ్‌టిఎమ్‌ఎల్‌లో మొదట వచ్చే సబ్మిట్ బటన్‌ని నొక్కినట్టు బ్రౌజరు తీసుకుంటుంది. డిజైనర్లు 'బ్యాక్' ఎడమవైపు, 'నెక్స్ట్' కుడివైపు పెడతారు. కాబట్టి మొదటి బటన్ బ్యాక్. పేజీ అంతా ఓపిగ్గా నింపి ఎంటర్ కొట్టిన మనిషి వెనక పేజీలో తేలతాడు, నింపింది గంగలో కలుస్తుంది. వరసలో నెక్స్ట్‌ని ముందు రాసి, కనిపించే స్థానాన్ని స్టైల్‌షీట్‌తో మార్చుకోవడం తేలికైన ఉపాయం.

ఇక తనిఖీ దాటినవాళ్ళ సంగతి. జెఎస్ఎఫ్ మామూలుగా కొత్త పేజీని ఫార్వర్డ్ చేస్తుంది. అంటే సర్వర్ లోపల పేజీ మారుతుంది కానీ బ్రౌజరుకి ఆ కబురు తెలియదు. అడ్రస్ బార్‌లో ఎప్పుడూ ఒక పేజీ వెనకటి పేరు కనిపిస్తుంది. ఇది చూడ్డానికి వింతే కానీ అసలు నష్టం వేరే ఉంది. బ్రౌజరు దృష్టిలో చివరగా చేసిన పని పోస్ట్. 'మీ చెల్లింపు అందింది' అన్న పేజీలో ఎఫ్-5 నొక్కితే అదే పోస్ట్ మళ్ళీ వెళ్తుంది. బ్రౌజరు ఒక హెచ్చరిక చూపిస్తుంది, ఎంతమంది చదువుతారో మీకు తెలిసిందే. కార్డు మీద రెండోసారి డబ్బులు పడతాయి.

దీనికి మందు, పోస్ట్ విజయవంతమైతే పేజీని పంపకుండా 'ఫలానా చోటికి వెళ్ళు' అని రీడైరెక్ట్ పంపడం. బ్రౌజరు ఆ చోటిని గెట్‌తో తెచ్చుకుంటుంది, ఇక ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా భయం లేదు. ఈ పద్ధతిని 2004లో మైకేల్ జురావ్‌లెవ్ రాసిన ఒక వ్యాసం జావా వాళ్ళలో బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఖచ్చితంగా దీనికోసమే హెచ్‌టిటిపి 1.1లో 303 అనే స్టేటస్ కోడ్ పెట్టారు, అయినా అలవాటుకొద్దీ చాలా ఫ్రేమ్‌వర్కులు 302నే పంపుతూ వచ్చాయి. జెఎస్ఎఫ్‌లో నావిగేషన్ నియమంలో రీడైరెక్ట్ అని ఒక ట్యాగ్ చేరిస్తే చాలు. అయితే ఒక సంగతి. కంగారులో బటన్ రెండుసార్లు టకటకా నొక్కేవాడికి ఇది పనిచేయదు. మొదటి జవాబు రాకముందే రెండో పోస్ట్ వెళ్ళిపోతుంది. దానికి ఫారంలో ఒకసారికే చెల్లే టోకెన్ పెట్టాలి. స్ట్రట్స్‌లో అది మొదటినుంచీ ఉన్నా, వాడిన ప్రాజెక్టులు నాకు తక్కువే తగిలాయి.

మరి తనిఖీ తప్పినప్పుడు కూడా రీడైరెక్ట్ చేయవచ్చా? చేయకపోవడమే మేలు. యూజర్ టైపు చేసినవి, తప్పుల సందేశాలు అన్నీ ఆ ఒక్క రిక్వెస్ట్‌లోనే బతికి ఉంటాయి. రీడైరెక్ట్ అంటే కొత్త రిక్వెస్ట్, అన్నీ పోతాయి. పోనీ అని సెషన్‌లో పెడితే, రెండు ట్యాబుల్లో రెండు దరఖాస్తులు తెరిచినవాడికి ఒకదాని తప్పులు ఇంకోదాంట్లో కనిపిస్తాయి. విజయ సందేశానికి కూడా ఈ చిక్కే. ఒక్క రిక్వెస్ట్ దాటేవరకు మాత్రం విలువల్ని మోసే ఫ్లాష్ అనే ఏర్పాటు జెఎస్ఎఫ్‌కి 2009లో 2.0తో వచ్చింది, స్ప్రింగ్ ఎమ్‌విసికి 2011లో 3.1తో వచ్చింది.

ఇంతవరకూ తనిఖీ నియమం సరైనదేనన్న ధీమాతో మాట్లాడాను. నియమమే తప్పైతే? అప్పుడు యూజర్‌కి ముందుకు దారే లేదు, సాయం చేసే పేజీ కూడా లేదు. ఇది మనవాళ్ళకి కొత్తగా చెప్పనక్కరలేదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ఫస్ట్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యు' అని వస్తుంది, ఫస్ట్ నేమ్ తెలియదు అని దాని అర్థం. ఆ తరువాత ప్రతి ఫారంలోనూ అదే పేరు! ఇనీషియల్‌నే లాస్ట్ నేమ్‌గా రాయించుకున్నవాళ్ళని 'కనీసం రెండక్షరాలు' అన్న నియమం ఆపేస్తుంది. ఇంటిపేరూ తండ్రిపేరూ కలిసి సాగే పొడుగు పేర్లని ఇరవై అక్షరాల పెట్టె కత్తిరిస్తుంది. దారి మూసుకుపోయినప్పుడు ఎవరూ వెనక్కి వెళ్ళిపోరు. చుక్కలు పెడతారు, పేరు రెండుసార్లు రాస్తారు, ఏదో ఒకటి చేసి ముందుకు వెళ్తారు. ఆరునెలల తరువాత బ్యాంకులో ఒక పేరు, లైసెన్సు మీద ఇంకో పేరు ఉంటుంది. తనిఖీ పెట్టింది డేటా శుభ్రంగా ఉండటానికి, డేటాని పాడుచేసింది ఆ తనిఖీయే. పేరు మీద 'ఖాళీగా ఉండకూడదు' అన్నదానికి మించి నియమం పెట్టేవాళ్ళని నేను కారణం అడుగుతాను, ఇంతవరకు గట్టి కారణం వినలేదు.

జిప్ కోడ్ ఇంకో రకం. న్యూజెర్సీ ఎడిసన్‌లో 08820 అని ఉంటుంది. దాన్ని సంఖ్యగా మార్చి దాస్తే 8820 అవుతుంది. తరువాత పేజీలో అదే విలువ చూపించి మళ్ళీ సబ్మిట్ చేయిస్తే 'ఐదంకెలు ఉండాలి' అని మన ప్రోగ్రామే యూజర్‌ని తప్పుపడుతుంది. తేదీల్లో జెఎస్ఎఫ్ వాళ్ళు పెట్టిన చిక్కు మరీ విచిత్రం. తేదీ కన్వర్టర్‌కి టైమ్‌జోన్ చెప్పకపోతే జిఎమ్‌టి అనుకుంటుంది. న్యూయార్క్ సర్వర్ మీద మార్చి 4 అని టైపు చేస్తే, అది అక్కడి సమయంలో మార్చి 3 సాయంత్రం. డేటాబేసులో తేదీ వరకే దాచుకుంటే పుట్టినరోజు ఒకరోజు ముందుకి జరిగిపోతుంది. హైదరాబాదులోనో దుబాయిలోనో సర్వర్ ఉంటే దాచింది సరిగానే ఉన్నా, చూపించేటప్పుడు ఒకరోజు తగ్గుతుంది. తనిఖీలన్నీ దాటేసిన తప్పు ఇది, ఎర్రక్షరాలు ఎక్కడా కనపడవు.

స్ట్రట్స్ 1కి మద్దతు ఆపేస్తున్నట్టు అపాచీ 2013లో ప్రకటించింది. జెఎస్ఎఫ్ ఇప్పుడు జకార్తా ఫేసెస్ పేరుతో నడుస్తోంది. తనిఖీల్లో సగం బ్రౌజరే చేసిపెడుతోంది. హెచ్‌టిఎమ్‌ఎల్-5లో 'రిక్వైర్డ్' అని రాస్తే ఖాళీ పెట్టెతో ఫారం కదలదు, మళ్ళీ బ్యాక్ బటన్ కోసం 'ఫారం నోవాలిడేట్' అనే గుణం కూడా పెట్టారు. పేరు మారిందంతే, జెఎస్ఎఫ్ ఇమ్మీడియేట్‌కి చుట్టమే. 2021 చివర్లో వచ్చిన రైల్స్ 7లో టర్బో వాడితే, ఫారం తప్పినప్పుడు 422 స్టేటస్‌తోనే పేజీ పంపాలి. పాత అలవాటుతో 200 పంపితే తెర మీద ఏమీ మారదు, బటన్ చచ్చిపోయిందని యూజర్ అనుకుంటాడు.

ఇక పేజీలన్నీ బ్రౌజరులోనే మారే అప్లికేషన్లలో సర్వర్‌కి ఏ పేజీ తరువాత ఏ పేజీయో తెలియనే తెలియదు. చివరి అడుగులో ఒక్క రిక్వెస్ట్ వస్తుంది, ముందటి నాలుగు అడుగులూ నిజంగా జరిగాయని నమ్మేస్తుంది. మీరు పనిచేస్తున్న దానిలో ఈ పరీక్ష చేసి చూడండి. లాగిన్ అయి, ఐదో పేజీ యూఆర్ఎల్‌ని నేరుగా టైపు చేయండి. సబ్మిట్ నొక్కండి. దరఖాస్తు నంబరు వచ్చిందంటే మీ వాలిడేషన్ అంతా మొదటి నాలుగు పేజీల్లోనే ఉండిపోయింది.