రికిటాకే డైనమో సమీకరణాలు: ప్రథమ సమాకలనులు, ధ్రువ విపర్యయం

1. ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం పరిసరాల్లోని దక్కన్ లావా శిలల్లో కింది పొర నేటి భూ అయస్కాంత క్షేత్రానికి వ్యతిరేక దిశను, పై పొర నేటి దిశను నమోదు చేశాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి ఆ రెండు ప్రవాహాల నడుమ భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యాయని దీని అర్థం. ఇటువంటి విపర్యయాన్ని వివరించడానికి జపాన్ భూభౌతిక శాస్త్రవేత్త త్సునెజి రికిటాకే 1958లో రెండు డిస్కుల డైనమో నమూనాను ప్రతిపాదించారు. ఆ సమీకరణాలకు ప్రథమ సమాకలనులను కనుగొనే తీరును, వాటి ఫలితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నమూనా

రెండు డిస్కులూ ఒకే టార్క్‌తో తిరుగుతాయి. ఒకదానిలోని విద్యుత్ ప్రవాహం రెండవదానికి అయస్కాంత క్షేత్రాన్ని సమకూరుస్తుంది. ప్రవాహాలను క, ఖ అనీ, మొదటి డిస్కు కోణీయ వేగాన్ని గ అనీ, విద్యున్నిరోధానికి చెందిన పరామితిని ర అనీ, కాలాన్ని ట అనీ అనుకొందాం. రెండు డిస్కుల మీదా పనిచేసే నిరోధక బలం ప్రవాహాల లబ్ధమే కనుక వాటి వేగాలు ఒకే రేటున మారతాయి. వేగాల తేడా త ఎన్నటికీ మారదు. చరరాశులు మారుతున్నా తన విలువ మారని ఇటువంటి సంయోజనమే ప్రథమ సమాకలని. దీని వల్లనే నాలుగు సమీకరణాలు మూడయ్యాయి:

క′ = −ర·క + గ·ఖ
ఖ′ = −ర·ఖ + (గ − త)·క
గ′ = 1 − క·ఖ

3. సమాకలనుల అన్వేషణ

మొదటి సమీకరణాన్ని క తోనూ, రెండవదాన్ని ఖ తోనూ గుణించి తీసివేస్తే గ ఉన్న పదాలు రద్దవుతాయి:

(క² − ఖ²)′ = −2ర(క² − ఖ²) + 2త·క·ఖ

ఇక మూడు సందర్భాలు ఏర్పడతాయి.

(అ) ర = 0 అయితే, మూడవ సమీకరణం నుంచి క·ఖ = 1 − గ′ అని ప్రతిక్షేపించగా క² − ఖ² + 2త·గ − 2త·ట స్థిరాంకమవుతుంది. ఇది కాలం ప్రత్యక్షంగా కనిపించే సమాకలని.

(ఆ) త = 0 అయితే, క² − ఖ² విలువ ఘాతీయంగా క్షీణిస్తుంది. మొదటి రెండు సమీకరణాలను కూడితే (క + ఖ)′ = (గ − ర)(క + ఖ) వస్తుంది. అందువల్ల క + ఖ గుర్తు ఎన్నటికీ మారదు.

(ఇ) ర, త రెండూ సున్న అయితే, (క² + గ²)/2 నుంచి |క + ఖ| సహజ సంవర్గమానాన్ని తీసివేయగా మరొక సమాకలని లభిస్తుంది. మూడు చరరాశులకు రెండు సమాకలనులు ఉన్నందున వ్యవస్థ పూర్తిగా సమాకలనీయం.

4. ఫలితార్థం

ధ్రువ విపర్యయమంటే రెండు ప్రవాహాలూ కలిసి దిశ మార్చుకోవడం; అప్పుడు వాటి మొత్తం గుర్తు కూడా మారాలి. డిస్కుల వేగాలు సమానమైతే అది అసాధ్యమని (ఆ) నిరూపిస్తుంది. ర, త రెండూ సున్న కానప్పుడు పై సమీకరణం కుడివైపు క·ఖ పదం మిగిలిపోతుంది. ఈ పద్ధతి సమాకలనిని ఇవ్వదు. అక్కడే ఈ నమూనాలో క్రమరహిత విపర్యయాలు కనిపిస్తాయి.

5. ఉపసంహారం

భూగర్భం రెండు డిస్కుల యంత్రం కాదు. అయినా, విపర్యయానికి డిస్కుల వేగాల అసమానత అనివార్యమని సమీకరణాలను సాధించకుండానే ఈ నమూనాలో తేల్చవచ్చు. ప్రథమ సమాకలనుల ప్రయోజనం అదే.