రెండు వందల కిలోమీటర్ల సైకిలు లెక్క

బ్రెవే అనేది ర్యాంకులు లేని సైకిలు ప్రయాణం. దారి, గడువు ముందే తెలుస్తాయి. గడువులోపు చేరినవాళ్లంతా సమానమే. దీని మూలం ఇటలీలో ఉంది. 1897 జూన్ 12న కొందరు సైక్లిస్టులు రోమ్ నుంచి నేపుల్స్ దాకా సుమారు 230 కిలోమీటర్లు ఒకే పగటిపూట తొక్కారు. అలాంటివాళ్లకు ‘ఆడాక్స్’ అనే పేరు స్థిరపడింది. లాటిన్‌లో ఆ మాటకు సాహసి అని అర్థం. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ఇప్పుడు ప్రపంచమంతటా జరిగే బ్రెవేలను ధ్రువీకరిస్తుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా కింద హైదరాబాద్ సహా పలు నగరాల క్లబ్బులు వీటిని నడుపుతున్నాయి. కొత్తవాళ్లు సాధారణంగా మొదలుపెట్టేది 200 కిలోమీటర్లతో.

దానికి గడువు 13 గంటల 30 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 10 గంటలు పడుతుంది. టిఫినుకు, పంక్చరుకు, నీడన నడుం వాల్చడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. 25 చొప్పున తొక్కితే 8 గంటల్లోనే పని అయిపోతుంది. కాగితం మీద రెండోదే మేలుగా కనిపిస్తుంది, కానీ ఒంటి లెక్క వేరు.

సైకిలుతో కలిపి 85 కిలోలు తూగే మనిషి, చదునైన తారురోడ్డు మీద, గాలి లేని ఉదయాన వెళ్తున్నాడనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 65 వాట్ల శక్తి చాలు. 25కు దాదాపు 110, 30కి 170 వాట్లు కావాలి. టైర్లకు రోడ్డుతో కలిగే నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగపు వర్గంలో పెరుగుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంలో పెరుగుతుంది. 20 కిలోమీటర్ల వేగంలోనే శ్రమలో మూడింట రెండు వంతులు గాలికే పోతున్నాయి. మొత్తం దూరానికి లెక్కగడితే, 20లో వెళ్లడం కంటే 30లో వెళ్లడానికి దాదాపు 75 శాతం ఎక్కువ పని చేయాలి.

ఎదురుగాలి వస్తే లెక్క ఇంకా బరువవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలి ఎదురైతే, అదే 20 వేగం నిలుపుకోవడానికి 115 వాట్లు కావాలి. అలాంటి చోట మీటరు చూసి తొక్కడం మొదటిసారి వచ్చినవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు. శ్వాసను కొలతగా పెట్టుకోవడం మంచిది: పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టే.

స్నేహితుల జట్టు విలువ ఇక్కడే తెలుస్తుంది. ముందున్న సైకిలు చీల్చిన గాలి వెనుక, అది విడిచిన చోటులో వెళ్లేవాళ్లకు గాలి నిరోధం మూడో వంతు దాకా తగ్గగలదు. అప్పుడు 25 వేగానికి 110 వాట్ల బదులు 85 చాలవచ్చు. వెనుక మనిషి ఉండటం వల్ల ముందున్నవాళ్లకూ కొంచెం లాభమే, ఎందుకంటే వాళ్ల వీపు వెనుక ఏర్పడే అల్పపీడనం కాస్త తగ్గుతుంది. అయితే ఈ ఆసరా దగ్గరగా ఉంటేనే బాగా దక్కుతుంది, దగ్గరగా ఉండటంలోనే ప్రమాదం ఉంది. వెనుకవాళ్ల ముందు చక్రం, ముందువాళ్ల వెనుక చక్రం పక్కకు వచ్చి రాసుకుంటే పడేది వెనుకవాళ్లే. అందుకే అలవాటు లేనివాళ్లు కనీసం ఒక సైకిలు పొడవు ఎడం ఉంచాలి; గుంట కనిపించినా, ఆగబోతున్నా ముందువాళ్లు చేత్తో చూపి, కేకేసి చెప్పాలి.

ముందుకు వచ్చే వంతు అందరికీ సమానంగా ఉండనక్కరలేదు. బలమున్నవాళ్లు ఎక్కువసేపు, అలసినవాళ్లు రెండు నిమిషాలు ముందుంటే చాలు; మారకూడనిది వేగమే. వంతు రాగానే ఉత్సాహంగా వేగం పెంచే స్నేహితుడు తెలియకుండానే జట్టును చీలుస్తాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఈ గాలి చాటు సూత్రమే పనిచేయదు. 5 శాతం వాలు మీద 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి 130 వాట్లకు పైగా కావాలి, అందులో గాలి వాటా అతి స్వల్పం. అక్కడ నిర్ణయించేది ఒంటి బరువు, కాళ్ల బలం. ఎవరి వేగంలో వాళ్లు ఎక్కి పైన కలుసుకోవాలని బయలుదేరే ముందే అనుకోవడం మేలు.

తినేదాన్ని కూడా ఇంధనంగానే లెక్కించాలి. శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది. ఒంటరిగా 25 వేగంతో 200 కిలోమీటర్లకు సుమారు 3,000 కిలోక్యాలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ ఇచ్చేది సుమారు 2,000. కొవ్వు నిల్వ చాలా ఉన్నా అది నిదానంగా కరుగుతుంది, శ్రమ పెరిగేకొద్దీ శరీరం గ్లైకోజన్ వైపే మొగ్గుతుంది. పేగు గ్లూకోజును గంటకు 60 గ్రాముల వరకు పీల్చుకోగలదు. ఫ్రక్టోజుకు వేరే ద్వారం ఉంది కాబట్టి రెండూ కలిస్తే 90 దాకా అందుతుంది. పంచదారలోనూ బెల్లంలోనూ ఈ రెండూ జతగా ఉంటాయి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే కొద్దికొద్దిగా తినాలి. ఇడ్లీ, పెరుగన్నం సరిపోతాయి. బజ్జీల నూనె కడుపులో చాలాసేపు నిలుస్తుంది. గ్లూకోజు తగ్గితే చేతులు వణుకుతాయి, చల్లని చెమట పడుతుంది, అకారణంగా చిరాకు వస్తుంది. మెదడూ గ్లూకోజు మీదే నడుస్తుంది గనుక ఆ మార్పును తొక్కేవాళ్లకంటే పక్కనున్న స్నేహితులే ముందు గుర్తించవచ్చు.

పెడల్‌కు చేరని మిగతా మూడు వంతుల శక్తి వేడిగా మారుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది, కానీ ఆవిరైతేనే. కోస్తా ఉక్కపోతలో కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు. అక్కడ వేగం తగ్గించడం తప్ప మార్గం లేదు. ఉప్పు లేని నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం మంచివి.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలో అల్నార్ నరం నలుగుతోందని అర్థం. పట్టు మారుస్తూ, మోచేతులు కాస్త వంచి తొక్కితే తగ్గుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టుకోవాలి. కొత్త సీటును, కొత్త బూట్లను ఆ రోజే వాడకూడదు.

200 తర్వాతి మెట్లు 300, 400, 600 కిలోమీటర్లు. గడువులు 20, 27, 40 గంటలు. కనీస వేగం గంటకు 15 కిలోమీటర్లే, అదనంగా వచ్చేవి చీకటి, నిద్రలేమి. ఆ బ్రెవేల్లో ముందూ వెనుకా దీపాలు, వెలుతురును తిప్పికొట్టే జాకెట్టు తప్పనిసరి.