మీకు తెలుసా? గనిలోకి దిగిన సర్కారు దీపం

బొగ్గుబాయి అంటే మనకు సింగరేణి, బంగారు గని అంటే కోలారు. రెండూ తెల్లదొరల కంపెనీలు తెరిచినవే. ఆ రోజుల్లో లోపలికి దిగినవాడి ప్రాణానికి పూచీ ఎవరిదని అడిగితే, సర్కారు ఇన్‌స్పెక్టరు ఉండేవాడు కదా అంటారు. ఉండేవాడు. ఎప్పటినుంచి ఉన్నాడు, ఎక్కడిదాకా వెళ్లగలిగేవాడు, ఏం చూసేవాడు అన్నదే అసలు కథ.

బెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర సమ్నర్, హీట్లీ అనే ఇద్దరు ఈస్టిండియా కంపెనీ అనుమతితో బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది 1774లో. మన దేశానికి మొదటి గనుల చట్టం వచ్చింది 1901లో. ముత్తాత దిగిన బావికి మునిమనవడి కాలంలో చట్టం వచ్చిందన్నమాట. 127 ఏళ్లు!

ఇంగ్లండులో మాత్రం ముందు నుంచీ అంతా సవ్యంగా ఉందనుకోకండి. 1842 చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గనుల్లోకి దింపకూడదంది. దాని అమలు చూడడానికి 1843లో ట్రెమెన్‌హీర్ అనే అధికారిని వేశారు. ఆయన గనులను తనిఖీ చేశాడు గానీ గనిలోకి దిగలేదు! ఒడ్డున కూర్చుని నలుగురినీ విచారించి నివేదికలు రాసేవాడు. భూమి కిందికి దిగి చూసే అధికారం ఇన్‌స్పెక్టర్లకు దక్కింది 1850లో. అది కూడా దేశం మొత్తానికి నలుగురికి.

మన దగ్గర చట్టం కన్నా ఇన్‌స్పెక్టరే ముందు వచ్చాడు. 1890లలో జేమ్స్ గ్రండీ అనే గనుల ఇన్‌స్పెక్టరు భూగర్భ సర్వే శాఖకు అనుబంధంగా ఊరూరా తిరిగి గనులు చూసి నివేదికలు రాశాడు. అవి చదివి తప్పు దిద్దుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. కొరడా లేని కొత్వాలు.

కొరడా కోసం చావులు రావలసి వచ్చింది. 1897లో కోలారు బంగారు గనుల్లో ఒక ప్రమాదంలో 52 మంది, బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. 1895లోనే నిబంధనల కోసం ఒక కమిటీ వేశారు, అది నింపాదిగా సాగుతోంది. ఈ రెండు దుర్ఘటనలతో పనికి ఊపు వచ్చి 1901 చట్టం దాకా నడిచింది. 1902 జనవరి 7న కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం తెరుచుకుంది. 1908లో అది బొగ్గు పొరల నడుమనున్న ధన్‌బాద్‌కు మారింది. దేశ గనుల భద్రత ప్రధాన కార్యాలయం నేటికీ ఆ ఊళ్లోనే ఉంది.

ఇక మన తెలుగు నేల సంగతి. ఇల్లెందులో 1889 నుంచి బొగ్గు తవ్వుతున్నారు. అయినా 1901 చట్టం సింగరేణికి వర్తించలేదు. ఎందుకంటే అది నిజాం రాజ్యం, చట్టమేమో బ్రిటిష్ ఇండియాది. కోలారు మైసూరు మహారాజుది కాబట్టి అక్కడా అంతే. మైసూరు సంస్థానం తన సొంత గనుల ఇన్‌స్పెక్టరును పెట్టుకుంది. నెల్లూరు జిల్లా గూడూరు చుట్టుపక్కల కాకిబంగారం, అదే అభ్రకం, తవ్వే గుంటలు మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడం వల్ల ఈ చట్టం కిందికి వచ్చాయి. కాకిబంగారానికి ఒక చట్టం, నిజం బంగారానికి ఇంకొకటి. కప్పు కూలేటప్పుడు అది ఏ సంస్థానమో చూసి కూలదు గదా.

ఇన్‌స్పెక్టరు చేతిలో ఏముండేది? సేఫ్టీ దీపం. వత్తి బాగా తగ్గించి, దీపాన్ని మెల్లగా కప్పు దగ్గరికి ఎత్తాలి. మీథేన్ గాలికన్నా తేలిక, పైన చేరుతుంది. అది ఉంటే చిన్న మంట మీద లేత నీలి టోపీ ఒకటి కనిపిస్తుంది. టోపీ ఎంత పొడుగైతే వాయువు అంత ఎక్కువ. దీపం కునికి ఆరిపోయిందా, ఊపిరాడే గాలి అక్కడ లేనట్టు, వెనక్కి రావలసిందే. కొలిచే యంత్రమూ, వెలుగిచ్చే దీపమూ ఒకటే కావడం నాకైతే అబ్బురమే.

1923 చట్టం ఇన్‌స్పెక్టరుకు పగలైనా రాత్రైనా ఏ గనిలోకైనా వెళ్లే హక్కు ఇచ్చింది. గని పనికి అకారణంగా అడ్డు రాకూడదు అన్న షరతు కూడా అక్కడే ఉంది.

బెంగాల్, బిహార్ బొగ్గుబావుల్లో మగడు గుద్దలితో బొగ్గు కొడితే, ఆలి గంపకెత్తి టబ్బు అనే తొట్టిబండి దాకా మోసేది. 1929లో ఆడవాళ్లను భూమి కిందికి దింపడం నిషేధించారు. ఆ ప్రాంతాల బొగ్గు గనులకు మాత్రం ఏటా కొంత తగ్గించుకోండి అని పదేళ్లు గడువు ఇచ్చారు. గడువుకన్నా ముందే, 1937లో, నిషేధం పూర్తయింది. 1938లో భారత ప్రభుత్వం ఇదే విషయమై అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది కూడా. 1943లో యుద్ధానికి బొగ్గు చాలలేదు. నిషేధం ఎత్తేశారు, ఆడవాళ్లు మళ్లీ దిగారు. 1946 ఫిబ్రవరిలో మళ్లీ నిషేధం. నిబంధన మారినట్టు మోతబరువు మారిందా అంటే, అదేం లేదు.

1936 డిసెంబర్ 18న రాణిగంజ్ ప్రాంతంలోని పొయ్‌డీ గనిలో పేలుడు 209 మందిని బలిగొంది. అదే ఏడాది బొగ్గు తవ్వకంపై ఒక విచారణ కమిటీ కూర్చుంది. 1939లో ఇసుక నింపే చట్టం వచ్చింది. బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక నింపితే కప్పు కూలదు, నిప్పు అంటుకోదు. ఖర్చు కోసం బొగ్గు మీద సెస్సు వేశారు. అక్కడ దామోదర్ ఇసుక పోశారు, తర్వాతి కాలంలో మన సింగరేణి బావుల్లో గోదావరి ఇసుక పోశారు.

ఇసుక అంటే ఏమిటి? చాలావరకు పలుగురాయి నలిగిన పొడి. కోలారులో బంగారం దాక్కున్నది ఆ పలుగురాతి పొరల్లోనే. అక్కడ పనికి వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాటు మనుషులు చాలామంది, 1911 దాకా మన చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే. కోలారు లోతుల్లో రాతి ఒత్తిడికి గోడలు తుపాకీ మోగినట్టు పగిలేవి. ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. మనిషి పోయి చూడలేని ఆ పగుళ్లను పసిగట్టడానికి 1912లో భూకంపాలను కొలిచే యంత్రాన్నే తెచ్చి గనుల దగ్గర బిగించారు.

అదే కోలారులో ఇంకో తనిఖీ ఉండేది. అది కార్మికుడి మీద. బంగారం పోతోందన్న అనుమానంతో చట్టాలు, సోదాలు. 1930లో వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలనేసరికి కార్మికులు తిరగబడి సమ్మె కట్టారు. కంపెనీ సొత్తును కాపాడే తనిఖీకి ఉన్న చురుకు ఊపిరితిత్తులను కాపాడే తనిఖీకి ఉండి ఉంటే!

పలుగురాయిని డ్రిల్లు కొడితే లేచే ధూళి కంటికి ఆనదు, దీపానికి అందదు. ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. అదే సిలికోసిస్. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో దీనికి పరిహారం ఇచ్చే చట్టం 1911లోనే వచ్చింది. మైసూరు సంస్థానం కోలారు కార్మికులకు ఆ హక్కు ఇచ్చింది 1940లో. ఆ తర్వాత 1946 దాకా 7,653 మందిని పరీక్షిస్తే 3,402 మందికి జబ్బు తేలింది. నూటికి 44 మందికి పైనే.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి ఊరి చుట్టూ గుట్టలుగా ఉంది. సైనైడ్ దిబ్బలు అంటారు అక్కడి జనం. గాలి గట్టిగా వీచినప్పుడు ఆ పొడి లేచి ఇళ్ల మీద పడుతుంది.