ఇల్లు మారండి... నడుము జాగ్రత్త!

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందంటే చాలు, వీధుల్లో సామాన్ల వ్యాన్లు, ట్రాలీ ఆటోలు కనబడటం మొదలవుతుంది. శూన్యమాసంలో ఇల్లు మారకూడదని ఆగినవాళ్లంతా ఒక్కసారే బయల్దేరతారు. బదిలీ కావొచ్చు, పిల్లల కాలేజీ కావొచ్చు, ఇంటివాళ్లు అద్దె పెంచడం కావొచ్చు. కారణం ఏదైనా సామాను సర్దే భారం మాత్రం ఎక్కువగా ఇల్లాలి మీదే పడుతుంది.

ఆ నాలుగు రోజులూ వస్తువుల కోసం మనం ఎన్ని జాగ్రత్తలు తీసుకుంటామో! టీవీకి దుప్పటి చుడతాం. అద్దానికి పరుపు అడ్డం పెడతాం. ఆవకాయ జాడీనైతే ఒళ్లో పెట్టుకుని మరీ తీసుకెళ్తాం. ఎటొచ్చీ మన నడుము గురించే ఆలోచించం. జాడీ పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. నడుము పట్టేస్తే?

బీరువా కాదు, బిందెలే!

దెబ్బలు తగిలేది బీరువాలు, ఫ్రిజ్‌లు మోసేటప్పుడే అనుకుంటాం. కానీ వాటికి హమాలీలు ఉంటారు. నలుగురు కలిసి పడతారు. "ఆగు, మెల్లిగా, మెట్టుంది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇల్లాలు ఎత్తే బరువులకు అలా చెప్పేవాళ్లే ఉండరు. అందరూ పడుకున్నాక పుస్తకాల పెట్టె, పప్పుల డబ్బాలు, గ్రైండర్ రాయి, ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే జరుపుతూ ఉంటుంది. మర్నాడు కొత్తింట్లో మళ్లీ అదే పని.

మా ఎదురింట్లోకి ఒక కుటుంబం దిగింది. మంచాలు, బీరువా, వాషింగ్ మెషీన్ గీత పడకుండా రెండో అంతస్తుకు చేరాయి. హమాలీలు వెళ్లిపోయాక ఆ అమ్మాయి గుమ్మానికి అడ్డంగా ఉన్న ఇత్తడి సామాను పెట్టెను ఎత్తి పక్కకు తిప్పబోయింది. అంతే, నడుము కలుక్కుమంది. నెల రోజులపాటు వంగలేక, కూర్చోలేక అవస్థ పడింది. "కేకేస్తే మావారు వచ్చి పట్టేవారే అక్కా. చిన్న పెట్టేగా అనుకున్నాను" అంది.

ఆ "చిన్న పెట్టేగా" అనే మాట దగ్గరే వస్తుంది చిక్కంతా.

బరువొకటే... భారం వేరు

బరువు ఎన్ని కిలోలన్నదే కాదు, ఎక్కడినుంచి ఎత్తుతున్నామన్నదీ ముఖ్యమే. పనిచేసేచోట భద్రత చూసే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి దీనిపై సూచనలిచ్చింది. వాటి ప్రకారం స్త్రీలు ఒంటికి దగ్గరగా, మోచేతుల ఎత్తులో పట్టుకునే బరువు 16 కిలోల వరకూ ఉండొచ్చు. నేలకు దగ్గరగా ఉన్నదాన్ని ఎత్తాల్సివస్తే 7 కిలోలే. చేతులు చాచి తల ఎత్తునుంచి దించాల్సివస్తే 3 కిలోలు మించకూడదు.

ఇప్పుడు మన ఇంట్లోకి చూడండి. బియ్యం బస్తా 25, 26 కిలోలు. మంచినీళ్ల క్యాను నిండుగా ఉంటే 20 కిలోలు. వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు. ఇనుముతో కలిపితే దాదాపు 30 కిలోలు! ఇవన్నీ నేల మీదే ఉంటాయి. ఇక అటక మీది గుండిగలైతే తలపైనుంచి దించాలి. నడుము ఊరుకుంటుందా మరి?

అందుకే పెట్టెలు చిన్నవి తీసుకోండి. పెద్ద పెట్టెలో దుప్పట్లు, దిండ్లు. చిన్న పెట్టెలో పుస్తకాలు, గిన్నెలు. సగం నిండగానే ఒకసారి ఎత్తి చూడండి. కష్టంగా అనిపిస్తే అక్కడితో ఆపి ఇంకో పెట్టె తెరవండి. బస్తాలో బియ్యాన్ని రెండు మూడు సంచుల్లోకి మార్చేస్తే సరి. పెట్టెల్ని నేలమీద కాకుండా మంచం మీదో, బల్ల మీదో పెట్టి సర్దితే సగం వంగుడు తప్పుతుంది.

ఎత్తక తప్పనప్పుడు వస్తువుకు దగ్గరగా నిలబడి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచండి. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని కాళ్ల బలంతో లేవండి. బరువు చేతిలో ఉండగా నడుమును మెలితిప్పొద్దు. అటు తిరగాలంటే పాదాలు కదిపి మనిషి మొత్తంగా తిరగాలి. మా ఎదురింటి అమ్మాయికి జరిగింది ఈ మెలికతోనే.

అటకా, కత్తిపీటా, చీరకొంగూ

కుర్చీ మీద స్టూలు వేసుకుని అటక ఎక్కడం మనకు అలవాటైన సర్కస్. ఈ ఒక్కసారికి అది వద్దు. కదలని నిచ్చెన తెచ్చుకోండి. ఒకరు ఎక్కి అందిస్తే ఇంకొకరు కింద అందుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు అటక జోలికే వెళ్లొద్దు.

కత్తిపీటను మడిచి, అంచుకు మందంగా కాగితాలు, పైన గోనెగుడ్డ చుట్టి తాడుతో బిగించండి. కత్తులు, మిక్సీ బ్లేడ్లు విడిగా ఒక డబ్బాలో వేసి పైన పెద్ద అక్షరాలతో రాయండి. మూట విప్పేవాళ్లు లోపలేముందో తెలియక చెయ్యి పెట్టేస్తారు.

ఆ రోజుకు చీర కన్నా పంజాబీ డ్రెస్ మేలు. చున్నీ తీసేయండి, లేదంటే నడుముకు కట్టేయండి. చీరే అలవాటైతే కుచ్చిళ్లు కాస్త ఎత్తి కట్టి, కొంగు బొడ్లో దోపుకోండి. చేతిలో పెట్టె ఉంటే కాళ్ల కింద మెట్టు కనబడదు. ఇంట్లో చెప్పులేమిటని అనుకోకుండా సామాను కదిలే రెండు రోజులూ జారని చెప్పులో, బూట్లో వేసుకోండి. ఊడదీసిన మేకులు, గాజుపెంకులు నేలమీదే ఉంటాయి. శ్రావణంలో వాన పడిందా, ఇక మెట్లన్నీ నూనె పూసినట్లే. గుమ్మం దగ్గర ఒక గోనెపట్టా పరవండి.

పాలు పొంగించే వేళ

తెల్లవారుజామున 4 గంటలకు ముహూర్తం. రాత్రంతా సర్దుడు, నిద్ర లేదు, పైగా ఉపవాసం. కళ్లు తిరిగేది, కాలు జారేది ఇలాంటప్పుడే. పాలు పొంగించేటప్పుడు స్టవ్ నేలమీద పెట్టాల్సివస్తే చిన్నపిల్లల్ని ఒకరు ఎత్తుకుని దూరంగా ఉండాలి. సిలిండర్ బిగించాక సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాకే అగ్గిపుల్ల గీయండి. హారతి అయ్యాక ఏదైనా తిని, మంచినీళ్లు తాగి, అప్పుడే సామాను ముట్టుకోండి.

నొప్పి వస్తే

నడుము పట్టేస్తే పని వెంటనే ఆపేయండి. "ఈ ఒక్కటీ సర్దేసి" అనొద్దు. వేడి కాపడం పెట్టుకోవచ్చు. రోజుల తరబడి మంచం పట్టకుండా ఓపికున్నంతలో మెల్లిగా అటూఇటూ నడవడమే మంచిది. మడమ బెణికితే మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్‌తో కాపడం పెట్టాలి. నూనె రాసి రుద్దకూడదు. మేకు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించి, అవసరమైతే ధనుర్వాతం ఇంజక్షన్ చేయించుకోవాలి. నడుము నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భిణులు, కొత్తగా ప్రసవించినవారు, ఎముకలు గుల్లబారినవారు బరువుల జోలికి వెళ్లకూడదు. సిజేరియన్, గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేననేదాకా ఆగాలి. ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పుకోలేరు. అత్తగారైనా, భర్తయినా ముందే చెప్పి కూర్చోబెట్టాలి.

ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పనులుగా పంచండి. ఎవరి పుస్తకాలు, ఎవరి బట్టలు వాళ్లే సర్దుకోవాలి. పదేళ్ల పిల్లాడికి కూడా పెట్టెల మీద పేర్లు రాసే పని అప్పగించొచ్చు. మొదటి రోజుకు స్టవ్, నాలుగు గిన్నెలు, పరుపులు చాలు. మిగతా మూటలు వారం రోజులు అలాగే పడి ఉంటే కొంపేం మునగదు. చూడవచ్చినవాళ్లు "ఇంకా సర్దుకోలేదా?" అంటే, మొహమాటపడకుండా తలో మూట విప్పమనండి!