మంటలారిన తర్వాత

ఫైరింజను గంట వినిపిస్తే దారి తొలగి నిలబడతాం. మంటలార్పి ఇల్లు చేరిన మనిషి మాత్రం మనకు గుర్తుండడు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట సౌధాలు కూలి, ఆ నగర అగ్నిమాపక దళంలో 343 మంది మరణించారు. బతికినవారు తోటివారి అవశేషాల కోసం నెలల తరబడి శిథిలాలు వెదికారు. ఆ పని 2002 మే నెలలో ముగిసింది. కొందరి మనసులో ముగియలేదు. నిద్రలో ఉలికిపాటు, గిన్నె జారిపడినా గుండెదడ, అయినవాళ్ల మీద చిరాకు. ఇంటి ఇల్లాలు, పాపం, తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకుంటుంది!

ఇది పిరికితనం కాదు, జబ్బు. పోలీసులకూ వస్తుంది. 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని అమెరికా మానసిక వైద్యులు 1980లో దీన్ని తమ జాబితాకెక్కించారు. జరిగినదాన్ని నిపుణుడు కొద్దికొద్దిగా చెప్పించడం చికిత్సలో ముఖ్యమైన పద్ధతి. కాని చెప్పేవారేరీ? ఉద్యోగానికి పనికిరావంటారేమోనని, "నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అనేస్తారు.