ఎఫ్ కార్డు ఎందుకు పలకదు?

ముప్పై, నలభై దాటాక గిటారు కొనుక్కున్నవాళ్లు తరచూ ఎఫ్ కార్డు దగ్గరే ఆగిపోతుంటారు. చూపుడువేలు అడ్డంగా పరిచి మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల్నీ నొక్కాలి. రెండు పలుకుతాయి, నాలుగు మూగబోతాయి. ‘ఈ వయసులో వేళ్లు తిరగవులే’ అనుకుని గిటారును బీరువా మీదికి ఎక్కిస్తారు.

వయసు మీద నేరం మోపే ముందు ‘నట్’ చూడాలి. మెడ పైకొసన తీగలు కూర్చునే చిన్న పట్టీ అది. చవక గిటార్లలో దాని గాడులు తరచూ లోతు చాలకుండా ఉంటాయి. దాంతో తీగలు ఫ్రెట్లకు బాగా ఎత్తులో నిలుస్తాయి. నట్‌కు పక్కనే ఉన్న మొదటి ఫ్రెట్ దగ్గర తీగను వంచడానికి ఎక్కువ బలం కావాలి, ఎఫ్ కార్డు పడేది సరిగ్గా అక్కడే. పైగా ఎత్తులో ఉన్న తీగను నొక్కితే అది సాగి, బిగువు పెరిగి, శ్రుతి పైకి జరుగుతుంది. ట్యూనర్ యాప్ అంతా సరిగ్గా ఉందని చూపిస్తున్నా కార్డు అపస్వరంగా వినబడేది అందుకే. పనితెలిసినవాళ్ల చేత ఆ గాడులు అరగదీయించుకోవడం, ఇంకో రెండు వేలు పోసి పైరకం గిటారు కొనడం కన్నా మేలు.

అంతకన్నా చవకైన ఉపాయం భౌతికశాస్త్రంలో ఉంది. తీగ బిగువు దాని పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది. ఆరు తీగల్నీ రెండేసి ఫ్రెట్ల మేర కిందికి శ్రుతి చేస్తే పౌనఃపున్యం సుమారు 11 శాతం తగ్గుతుంది, బిగువు మాత్రం 20 శాతానికి పైగా పడిపోతుంది. స్టీలు తీగల గిటారులో ఆరు తీగల లాగుడూ కలిపి దాదాపు 70 కిలోల బరువుతో సమానం. అందులో 14 కిలోలు దిగిపోయినట్టే! ఇప్పుడు రెండో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే బిగింపు) బిగిస్తే శ్రుతి మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది, నట్ ఎత్తు బాధా తప్పుతుంది.

వాయిద్యాన్ని అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్లవాడు. మాండొలిన్‌కు మామూలుగా ఉండే నాలుగు జంట తీగల స్థానంలో ఆయన అయిదు ఒంటి తీగలు వాడాడు. గమకాల కోసం చేసిన మార్పది.

ఇక కొనడం సంగతి. పై పలక ‘సాలిడ్ ఉడ్’ అయితేనే గిటారు అంటారు తెలిసినవాళ్లు. నాదం విషయంలో నిజమే. కానీ వానాకాలంలో కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎంతుంటుందో మనకు తెలుసు. చెక్క తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది. పై పలక పొంగితే దానిమీద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి లేస్తుంది, తీగలు ఇంకా ఎత్తెక్కుతాయి. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఆ ఉబ్బు తక్కువ. మన వాతావరణంలో నాలుగైదు వేల ప్లైవుడ్ గిటారుతో మొదలుపెట్టినందుకు నామోషీ పడనక్కర్లేదు. మే నెల ఎండలో కారులో మాత్రం వదిలేయకండి, జిగురు మెత్తబడుతుంది.

మరి వయసు? చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లకు మొగ్గు ఉన్న మాట నిజం. తంత్రీవాద్యకారుల మెదడులో ఎడమచేతి వేళ్లకు కేటాయించిన భాగం పెద్దదిగా ఉంటుందని, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత ఎక్కువని 1995లో ఎల్బర్ట్ బృందం ‘సైన్స్’ పత్రికలో చూపింది. అయితే అదే ఏడు పాస్కువల్-లియోన్ బృందం పియానో ముట్టని పెద్దవాళ్లకు ఓ అయిదువేళ్ల అభ్యాసం నేర్పింది. రోజుకు రెండు గంటలు, అయిదు రోజులు. అంతలోనే ఆ వేళ్లను కదిలించే మెదడు భాగం విస్తరించింది. వేళ్లు కదపకుండా, వాయిస్తున్నట్టు ఊహించుకున్నవాళ్లలోనూ అదే మార్పు కనిపించింది. అయిదో రోజుకు వాళ్ల నేర్పు, నిజంగా వాయించినవాళ్ల మూడో రోజు స్థాయికి చేరింది.

వేలికొసల చర్మం గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మంట పుట్టిన రోజున గిటారు పక్కన పెట్టి, విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు, సి నుంచి ఎఫ్‌కు వేళ్లు ఎలా మారాలో మనసులో వాయించుకోవచ్చు.